మందు కలిసిన నీరు

(ఉగాదినాడు సేత్తూరు సభలో చదివిన ప్రసంగ పాఠము)



మేము పండితులము కాము. రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవాళ్ళము. మా చదువు మెట్రిక్యులేషనుతో నిలిచిపోయినది. ఏటేటా ఈ సభలో పోతనగారిని గురించో త్యాగయ్యగారిని గురించో మాట్లాడే పెద్దలు వుంటారు. మాకు ఆ శక్తి లేదు. కార్యదర్శిగారు "నీకు తెలిసినదే ఏదైనా చెప్పవయ్యా, పది నిమిషాలు చాలు" అన్నారు. మాకు తెలిసినవి రెండే: సరుకుల రసీదులు, నీళ్ళ కష్టము. రసీదుల సంగతి పండుగపూట మీకు అక్కర లేదు గనుక నీళ్ళను గురించి చెబుతాము. విజయనగర కాలము నుంచి అరవదేశములో కాపురమున్న వాళ్ళము, మా తెలుగులో అరవము కలిసి వుంటుంది. పెద్దలు మన్నించవలెను.

రెండేళ్ళ కిందట ఆడి మాసములో మా చిన్నమ్మాయికి జ్వరము పట్టుకున్నది. ఏడేళ్ళ పిల్ల. మూత్రము పోసేటప్పుడు మంట అని ఏడ్చేది. డాక్టరు దగ్గరకు తీసుకొనిపోతే అయిదు రోజులకు మందు రాసి ఇచ్చినారు. అయిదు రోజులు అయినవి, జ్వరము దిగలేదు. వేరే మందు ఇచ్చినారు, అదీ పనిచేయలేదు. అప్పుడు మూత్రము పరీక్షకు పంపినారు. మూడు రోజులకు ఒక కాగితము వచ్చినది. అందులో పద్దెనిమిది మందుల పేర్లు వరుసగా వేసి, ఒక్కొక్కదాని ఎదుట ఒక్కొక్క అక్షరము వున్నది. ఎక్కువ వాటికి ఎదుట 'ఆర్' అనే అక్షరమే. మేము రోజూ కాగితాలతో బ్రతికేవాళ్ళము కదా, అదేమిటని అడిగినాము. "రెసిస్టెంట్. అంటే ఈ మందుకు ఈ క్రిమి చావదు" అని డాక్టరు చెప్పినారు. ఆ పట్టీలో సిప్రోఫ్లాక్ససిన్ అనే పేరు కూడా వున్నది. చివరకు సూదిమందుతో పది రోజులకు నయమయినది. పిల్ల ఇప్పుడు బాగున్నది. అదిగో, ముందు వరుసలో కూర్చొని వాళ్ళ అక్క జడ లాగుతున్నది, చూడండి.

కాని ఒక ప్రశ్న మమ్మల్ని పట్టుకొని వదలలేదు. మా పిల్ల పుట్టినది మొదలు ఆ సిప్రో మాత్ర ఒక్కటి కూడా మింగలేదు. మరి దాని ఒంటిలోని క్రిమి ఆ మందును ఓడించడము ఎక్కడ నేర్చుకున్నది?

మా ఆఫీసులో పనిచేసే ఒక స్నేహితుని కుమార్తె మదురైలో ఎం.ఎస్సీ. చదువుతున్నది. ఆ అమ్మాయిని అడిగితే "మామా, ఇది చదవండి" అని అచ్చు కాగితాలు తెచ్చి ఇచ్చినది. ఇంగ్లీషు మాకు అంత రాదు, నిఘంటువు దగ్గర పెట్టుకొని ఆదివారాలు చదివినాము. ఆ అమ్మాయి పక్కన కూర్చొని అర్థము చెప్పినది. అందులో మొదటి పుటలోనే మనకు తెలిసిన ఊరి పేరు కనపడినది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరు.

ఆ వ్యాసము 2007లో అచ్చయినది. రాసినవారు స్వీడను దేశములో గోటెన్‌బర్గ్ నగరపు శాస్త్రవేత్త యోకిం లార్సన్‌గారు, ఆయన తోడివారు. వారు చేసిన పని చెప్పడానికి చిన్నదే. పటాన్‌చెరు చుట్టూ సుమారు 90 మందుల కర్మాగారముల నుంచి వచ్చే మురుగునీటిని ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రములో శుభ్రముచేసి వాగులోకి వదిలేవారు. లార్సన్‌గారి బృందము ఆ కేంద్రము బయట, శుభ్రమయి వచ్చిన నీటిని వరుసగా రెండు రోజులు సీసాలలో పట్టి పరీక్ష చేసినది. 59 మందులకోసం వెతికినారు. అందులో 21 మందులు లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటి కనపడినవి. అన్నిటికన్నా ఎక్కువ వున్నది సిప్రోఫ్లాక్ససిన్. లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా.

మైక్రోగ్రాము అనగా ఏమో మాకు మొదట పట్టుబడలేదు. గుమాస్తా బుద్ధితో లెక్కవేసి చూచినాము. 31,000 మైక్రోగ్రాములంటే 31 మిల్లీగ్రాములు. మందులషాపులో ఇచ్చే మాత్ర 500 మిల్లీగ్రాములు. అంటే సుమారు పదహారు లీటర్ల నీటిలో ఒక పూర్తి మాత్ర. పదహారు లీటర్లంటే మన ఆడవాళ్ళు నడుమున పెట్టుకొనే పెద్ద బిందెడు! బిందెడు నీళ్ళకు ఒక మాత్ర చొప్పున ఆ నీరు వాగులోకి పారేది. మందు మింగిన రోగి రక్తములో వుండే మోతాదుకన్న ఇది ఎక్కువ.

ఆ కేంద్రము నుంచి రోజుకు వచ్చే నీరు సుమారు 15 లక్షల లీటర్లు. మా రైల్వే లెక్కలో చెప్పాలంటే, డెబ్బై వేల లీటర్లు పట్టే పెద్ద ట్యాంకు వాగన్లు ఇరవై ఒకటి నిండుతాయి. ఒక్క దినములో అందులో పోయే సిప్రోఫ్లాక్ససిన్ సుమారు 45 కిలోలని వారు అంచనా కట్టినారు. 45 కిలోలను 500 మిల్లీగ్రాములతో భాగిస్తే తొంభై వేల మాత్రలు. స్వీడను దేశమంతా, అప్పటికి తొంభై లక్షల జనము, అయిదు రోజులలో వాడే మందు అక్కడ ఒక్క రోజులో వాగు పాలయినది. మేము ఈ లెక్కను మూడుసార్లు తిరగవేసినాము, తప్పు మా దగ్గర వున్నదేమోనని. లేదు.

ఈ నీరు ఇసకవాగులో పడి, అక్కడనుంచి నక్కవాగులోకి, నక్కవాగు నుంచి మంజీరలోకి, మంజీర నుంచి గోదావరిలోకి పోయేది. గోదావరి పేరు వింటేనే చేతులు జోడించేవాళ్ళము మనము. పుష్కరాలకు రైలు టిక్కెట్లు ఎన్ని రాస్తారో మాకు తెలుసు.

2009లో లార్సన్‌గారు కూడా చేరి రాసిన ఇంకొక వ్యాసము వచ్చినది. శుద్ధి కేంద్రము నీటితో పాటు చుట్టూ వున్న చెరువులలో, ఊరి బావులలో నీరు పట్టి చూచినారు. రెండు చెరువులలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా కనపడినది. జలుబుకు మింగే సెట్రిజిన్ కూడా వున్నది. బావినీటిలోనూ మందులు దొరికినవి. శుద్ధి కేంద్రము నీరు చేరని చెరువులలో కూడా మందు వున్నదంటే వేరే దారులు కూడా వున్నవన్నమాట. అదే ఏడు కప్పపిల్లలమీద చేసిన పరీక్ష ఒకటి వచ్చినది. శుద్ధి కేంద్రము నీటిని అయిదు వందల పాళ్ళు మంచినీటితో పలుచన చేసి అందులో తోకకప్పలను పెంచితే వాటి ఎదుగుదల నూటికి నలభై పాళ్ళు తగ్గినది. మన చిన్నతనములో వానలు పడగానే చెరువుగట్టున తోకకప్పలను సీసాలో పట్టి ఆడుకున్నాము. అవే పరీక్షాధికారులయినవి.

మరి మా ప్రశ్నకు జవాబు? అది 2011లో, 2013లో వచ్చిన వ్యాసాలలో దొరికినది. వాగు అడుగుబురదలోని క్రిముల జన్యువులను చదివి చూస్తే, మందులను ఎదిరించే జన్యువులు, వాటిని ఒక క్రిమినుంచి ఇంకొక క్రిమికి చేరవేసే సాధనాలు చాలా ఎక్కువగా వున్నవి. శుద్ధి కేంద్రములో పట్టిన క్రిములను 39 మందులతో పరీక్షిస్తే నూటికి 86 క్రిములు ఇరవై మందులకో అంతకన్న ఎక్కువ మందులకో లొంగలేదు. ఎం.ఎస్సీ. అమ్మాయి మాకు ఇట్లా చెప్పినది: "మామా, క్రిమి చదువుకొనేది పుస్తకములో కాదు. మందు వున్న నీటిలో బ్రతికినదే పాస్. పాస్ అయినది తన నోట్సు పక్క క్రిమికి కూడా ఇస్తుంది." శుద్ధి కేంద్రములో ఆసుపత్రి మురుగు, ఇంటి మురుగు, మందుల మురుగు అన్నీ కలిస్తే అది క్రిములకు పెద్ద కాలేజీ అవుతుందట.

మా పిల్ల ఒంటిలోని క్రిమి పటాన్‌చెరులో రైలెక్కి రాజపాళయములో దిగినదని మేము అనడము లేదు. చీటీ లేకుండా మాత్రలు అమ్మే షాపులున్నవి, కోళ్ళకు పెట్టే మందులున్నవి, మూడు రోజులకు జ్వరము దిగగానే మిగిలిన మాత్రలు బీరువాలో దాచే మన ఇండ్లున్నవి. కాని క్రిమికి ఊరు, రాష్ట్రము లేవు. అది అక్కడ నేర్చినది ఇక్కడా పనికివస్తుంది.

ఇక్కడ మాకు ఒక బాధ వున్నది, దాచుకోకుండా చెబుతాము. మందుల విద్యలో తెలుగువాడు తల ఎత్తుకొని తిరగదగినవాడు. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకు అధిపతిగా వున్నప్పుడే, 1948లో, ఆరియోమైసిన్ అనే మందు లోకానికి అందినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది. మట్టిలోని సూక్ష్మజీవినుంచి తీసిన మందు అది. ఆ ఏడే ఆయన పోయినారు. తర్వాత 1961లో ప్రభుత్వము ఐ.డి.పి.ఎల్. స్థాపించి, హైదరాబాదులో దాని కర్మాగారము పెట్టినది. అందులో పని నేర్చినవారు బయటకు వచ్చి కంపెనీలు పెట్టినారు. నేడు ప్రపంచములో పేదవాడు చౌకగా మాత్ర కొంటున్నాడంటే అందులో తెలుగువారి చెమట వున్నది. మట్టిలోనుంచి మందు తీసిన జాతి ఆ మందును తిరిగి మట్టిలో, నీళ్ళలో పోస్తున్నది. ఇది అనడానికి మా నోరు రావడము లేదు గాని అనక తప్పలేదు.

పోయిన ఏడు మా ఇంటి పెళ్ళికి మేనమామ కొడుకు హైదరాబాదునుంచి వచ్చినారు. అక్కడ ఒక మందుల కంపెనీలో షిఫ్టు సూపర్‌వైజరు. భోజనాలయిన తర్వాత అరుగుమీద కూర్చొని మేము ఈ కాగితాలు తీసినాము. ఆయన మొగము చిన్నబుచ్చుకున్నారు.

"బావా, మీరు కూడా ఇట్లా అంటే ఎట్లా? ఆ మాత్ర మీ ఊళ్ళో నాలుగైదు రూపాయలకు వస్తున్నదంటే మేము అంత తక్కువలో చేయబట్టే కదా. నీళ్ళు పూర్తిగా శుభ్రముచేసి వదలాలంటే ఖర్చు పెరుగుతుంది. పెరిగితే ఆర్డరు చైనాకు పోతుంది. మా ఆరు వందల కుటుంబాలు వీధిన పడతాయి."

"అది నిజమే బావా. కాని ఆ వాగు పక్క ఊరివాళ్ళు నాలుగు రూపాయల మాత్రకు ఇంకెంత కట్టినారో ఎవరు లెక్కవేసినారు?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా ఇంట్లో తాగేది క్యాను నీళ్ళే" అన్నారు. ఆ మాట ఆయన వాదములో భాగముగా అన్నారో, మా వాదానికి ఒప్పుకొని అన్నారో మేము అడగలేదు. పెళ్ళివారి ఇల్లు కదా. కాని న్యాయముగా చెప్పాలంటే ఆయన మాటలో పస వున్నది. కొనే దేశాలు చాలావరకు ధరే చూస్తున్నవి, నీరు చూసేవి తక్కువ. మాత్ర డబ్బామీద దాని తయారీ తేదీ వుంటుంది, గడువు తేదీ వుంటుంది, దాని మురుగు ఏ వాగులో పడినదో వుండదు.

ప్రభుత్వాలు ఊరకే వున్నవని కాదు. ఆ శుద్ధి కేంద్రము నీటిని తర్వాత 18 కిలోమీటర్ల గొట్టము వేసి నగరపు మురుగుకాలువలో కలిపి అంబర్‌పేట కేంద్రానికి పంపినారు. అక్కడనుంచి పోయేది మూసీలోకి. రోగికి జబ్బు తగ్గలేదని మంచము మార్చినట్టున్నది. లార్సన్‌గారు, మరొక శాస్త్రవేత్త కలిసి 2016లో 111 క్రిమిసంహారక మందులకు, నీటిలో ఎంత మించితే క్రిములు మొండివవుతాయో హద్దులు లెక్కగట్టి ప్రకటించినారు. సిప్రోఫ్లాక్ససిన్‌కు ఆ హద్దు లీటరుకు 0.064 మైక్రోగ్రాము. ముందు చెప్పిన 31,000ను దీనితో భాగించి చూడండి, దాదాపు అయిదు లక్షల రెట్లు. 2020 జనవరిలో కేంద్రప్రభుత్వము మందుల కర్మాగారముల మురుగులో ఈ మందులకు హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చినది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమై మొదటిసారి మార్గదర్శకాలు ప్రకటించినది.

ఒక వ్యాసము అచ్చయితే ఏమవుతుంది అని కొందరు అడగవచ్చును. 1937లో షార్ట్ అనే వైద్యాధికారి, ఆయన తోడివారు నెల్లూరు జిల్లా ఊళ్ళలో ఎముకలు బిగుసుకొని వంగిపోయిన మనుషులను పరీక్షించి, అందుకు కారణము బావినీటిలోని ఫ్లోరైడు అని వైద్యపత్రికలో రాసినారు. ఆ ఊళ్ళు తర్వాత ప్రకాశము జిల్లాలో చేరినవి. అంతకుముందు అది గ్రహచారము, పూర్వజన్మ పాపము. ఆ నీరు చూడడానికి అద్దములా తేటగా వుండేది! పాపము కాదు, నీరు అని తెలియడానికి ఒకరు వచ్చి పరీక్షించి రాయవలసి వచ్చినది. తర్వాత నల్లగొండ పేరుమీద పటిక, సున్నము వేసి ఫ్లోరైడును తగ్గించే పద్ధతి నాగపూరు నీరీ సంస్థవారు కనిపెట్టినారు. ఆలస్యమే, కాదనము.

ఇక చెరువు సంగతి. శాస్త్రజ్ఞులు 'పరివాహక ప్రాంతము' అంటారు. అర్థము పెద్దది కాదు. వాన పడితే ఏ నేలమీది చినుకు ఏ చెరువుకు చేరుతుందో ఆ నేలంతా ఆ చెరువుది. ఇల్లు మీది కావచ్చు, వాకిలి మీది కావచ్చు, వాకిట్లో పడిన నీరు చెరువుది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచిన తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి నిజాము ప్రభుత్వము రెండు చెరువులు కట్టించినది. ఉస్మాన్‌సాగరు 1920లో, హిమాయత్‌సాగరు 1927లో పూర్తయినవి. వరదను ఆపినవి, ఊరికి తాగునీరు ఇచ్చినవి. 1996లో 111వ నంబరు ఉత్తర్వు వేసి, వాటి చుట్టూ పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాలలో కర్మాగారాలు, పెద్ద కట్టడాలు వద్దన్నారు. హిమాయత్‌సాగరు పరిధిలో ఒక నూనెల ఫ్యాక్టరీ అనుమతి తగవు సుప్రీంకోర్టుదాకా పోతే 2000లో ఫ్యాక్టరీకి కాక చెరువుకే తీర్పు వచ్చినది. 2022లో రాష్ట్ర ప్రభుత్వము ఆ కట్టుబాట్లను సడలిస్తూ ఇంకొక ఉత్తర్వు వేసినది. భూమి ధర పెరిగితే చెరువు పలుకుబడి తగ్గుతుంది. ఇది హైదరాబాదులోనే కాదు, సేత్తూరులోనూ అంతే.

మన సంగతికి వద్దాము. మన పడమటి కొండలు పచ్చగానే వున్నవి. 1988లో బూడిదరంగు పెద్ద ఉడుతకోసం అభయారణ్యము చేసినారు, 2021లో శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల అరణ్యమని ప్రకటించినారు. శాస్తా కోవెల దగ్గర దిగే నీరు దోసిట పట్టి తాగవచ్చు. దేవదానము జలాశయములో కొంత నిలిచి, చెరువునుంచి చెరువుకు జారి, వైప్పారులో కలిసి సముద్రానికి పోవలసిన నీరు అది. పైన పులి కాపలా కాస్తున్నది. కింద కాపలా కాయవలసినది మనము. మన కమ్మాయికి వచ్చే వరవు కాలువ మన వీధుల వెనకనుంచే వస్తున్నది. దానిలో మా ఇంటి గచ్చునీరు కూడా పడుతున్నదని మొదట మేమే ఒప్పుకుంటున్నాము. ఛత్రపట్టి వైపు లోకానికంతా కట్టుగుడ్డ నేస్తారు. గుడ్డ తెల్లగా కావడానికి వాడిన నీరు ఎటు పోతున్నదని అడగడములో తప్పు లేదు. కట్టుగుడ్డ మనది, మందు హైదరాబాదుది. రెండూ రోగికోసమే కదా.

మా తండ్రిగారి తరములో రైలు ఇంజనుకు పోసే నీటిని పరీక్షచేసి పోసేవారట. ఉప్పునీరు పోస్తే బాయిలరులో పెచ్చు కట్టి ఇంజను పాడవుతుంది. ఇంజనుకు వున్న మర్యాద మన పిల్లలకు లేకపోయెనే అని మా ఇల్లాలు అన్నది. ఆ మాటమీదనే ఈ ప్రసంగము తయారయినది, పేరు మాత్రము మాది.

కార్యదర్శిగారు గడియారము చూపుతున్నారు. ఒక్క మనవి చేసి కూర్చుంటాము. ఎం.ఎస్సీ. అమ్మాయి తన కాలేజీలో నీరు పరీక్ష చేయించడానికి ఒప్పుకున్నది. ఉప్పు, ఫ్లోరైడు, మలక్రిములు, ఈ మూడు చూస్తారు. మందులను పట్టే యంత్రము అక్కడ లేదు, అది ఖరీదైనది. ఈ మూడింటితో మొదలుపెడదాము. వచ్చే ఆదివారము ఉదయము ఆరు గంటలకు చెరువు తూము దగ్గర కలుద్దాము. వరవు కాలువలో ఒక చోట, చెరువు మధ్య ఒక చోట, మన నాలుగు వీధుల బావులలో నాలుగు చోట్ల పట్టవలెను. ఏ సీసా ఏ బావిదో నంబరు వేసి రిజిస్టరు రాసే పని మాది, అందులో మాకు అలవాటున్నది. ఫలితము ఎట్లా వచ్చినా సంఘము బోర్డుమీద తెలుగులో, అరవములో రెండింటా అంటిస్తాము. మా ఇంటి బావిది మొదట అంటిస్తాము.

ఇంటికి ఒక సీసా చొప్పున, కాచిన నీటితో కడిగి, ఆరబెట్టి తెండి. మందు పోసిన సీసాలు మాత్రము తేవద్దు.